పెద్ద నాయకుల అండ లేకుండా ఎమ్మెల్యేకి నిలబడుతున్నారా? ఫోన్‌తో వంద రూపాయల చందాలు ఎలా సేకరించాలి, లెక్క ఎలా చూపాలి

ఇండిపెండెంట్‌గానో చిన్న పార్టీ తరఫునో ఎమ్మెల్యేకి నిలబడదాం అనుకునేవాళ్ళని అన్నిటికన్నా ముందు ఆపేసేది డబ్బు. మన ఏపీలో, తెలంగాణలో ఎమ్మెల్యే అభ్యర్థి చట్టప్రకారం పెట్టుకోగలిగే ఖర్చు 40 లక్షలు, ఎంపీకైతే 95 లక్షలు, 2022 జనవరిలో పెంచిన లెక్క ఇది. ఆ 40 లక్షలు చూసి అమ్మో అంత ఎక్కడ తెస్తాం అని వెనక్కి తగ్గకండి, అది దాటకూడని గీత మాత్రమే, అంతా పెట్టి తీరాలని ఎవరూ అనలేదు. నామినేషన్‌కి కట్టాల్సిన డిపాజిట్ 10,000, ఎస్సీ ఎస్టీ అభ్యర్థులకి 5,000. ఇండిపెండెంట్ అయితే మీ నియోజకవర్గం ఓటర్లు పదిమంది ప్రపోజర్లుగా, అంటే మీ పేరు ప్రతిపాదించేవాళ్ళుగా, సంతకం పెట్టాలి. తలుపు తెరుచుకోడానికి కావాల్సింది ఇంతే, ఆ తర్వాత ప్రచారం ఎంతలో చేస్తాం అన్నది మన చేతిలో ఉంటుంది.

పెద్ద పార్టీలతో డబ్బులో పోటీ పడాలనుకోవడం దండగ, వాళ్ళు ఒక్క రాత్రిలో పంచేది మనం మొత్తం ఎన్నికలో కూడబెట్టలేం. చిన్న చందాతో మనకి వచ్చేది వేరే. ఒక కాంట్రాక్టర్ రెండు లక్షలు ఇచ్చాడనుకోండి, మీ చేతికి రెండు లక్షలు వచ్చాయి, ఒక ఓటు వచ్చింది, రేపు గెలిస్తే ఆయన పనికి తలూపాల్సిన బాకీ కూడా వచ్చింది. అదే రెండు లక్షలు రెండు వేల మంది వంద రూపాయలు చొప్పున ఇచ్చారనుకోండి, ఆ రెండు వేల మందీ టీ కొట్టు దగ్గర, పొలం గట్టు మీద, కాలేజీ బస్సులో మీ గురించి మాట్లాడతారు, ఎందుకంటే అందులో వాళ్ళ డబ్బు ఉంది. వంద ఇచ్చినోడు పోలింగ్ రోజు ఇంట్లో కూర్చోడు. అందుకే నేను ఎవరికి చెప్పినా చెప్పేది ఒకటే, ఎంత వచ్చిందని కాదు, ఎంతమంది ఇచ్చారని లెక్కపెట్టుకోండి, అందులో మీ నియోజకవర్గం వాళ్ళు ఎంతమంది అని ఇంకో లెక్క పెట్టుకోండి.

ఈ రెండో లెక్క ఎందుకంటే, మన దేశంలోనే జరిగినవి చూడండి. 2019లో బీహార్‌లోని బేగూసరాయ్‌లో సీపీఐ అభ్యర్థి కన్హయ్య కుమార్‌కి ఆన్‌లైన్ చందాలతోనే అప్పటి ఎంపీ పరిమితి 70 లక్షలూ నిండిపోయాయి, దేశం మొత్తం ఆయన వీడియోలు చూసింది, తీరా చూస్తే నాలుగు లక్షలకి పైగా తేడాతో ఓడిపోయారు. 2017లో మణిపూర్‌లో ఇరోమ్ షర్మిల, పదహారేళ్ళ నిరాహార దీక్ష చేసి ప్రపంచమంతా పేరున్న మనిషి, తౌబాల్‌లో ఆవిడకి పడ్డవి 90 ఓట్లు. అదే ఏడాది గుజరాత్ వడ్గామ్‌లో జిగ్నేష్ మేవాణీ ఇండిపెండెంట్‌గా నిలబడి జనం చందాలతో ప్రచారం చేసి గెలిచారు, కానీ అక్కడ కాంగ్రెస్ తన అభ్యర్థిని పెట్టకుండా మద్దతిచ్చింది, ఆయన అప్పటికే గుజరాత్‌లో జనంతో కలిసి ఉద్యమాలు చేసినవారు. అంటే బయట ఊళ్ళ నుంచి వచ్చే లైకులూ చందాలూ ఖర్చులకి పనికొస్తాయి గానీ ఓట్లు మాత్రం బూత్‌లోనే పుట్టాలి. బెంగళూరులో ఉండే మీ ఫాలోయర్ మీ బూత్‌లో వెయ్యలేడు కదా.

అడగడానికి ముందే ఖాతా, కాగితాలు

చాలామంది క్యూఆర్ కోడ్ పెట్టేశాక రూల్స్ చదువుతారు, అలా చెయ్యొద్దు. ఎన్నికల ఖర్చు కోసం విడిగా ఒక బ్యాంకు ఖాతా ఉండాలి, నామినేషన్ వెయ్యడానికి కనీసం ఒకరోజు ముందే తెరవాలి. అది అభ్యర్థి పేరు మీదైనా ఉండొచ్చు, అభ్యర్థి, ఆయన తన తరఫున ఎన్నిక పనులు చూడ్డానికి పెట్టుకునే ఎలక్షన్ ఏజెంట్ ఇద్దరి పేరుమీద జాయింట్‌గానైనా ఉండొచ్చు, భార్యతోనో తమ్ముడితోనో జాయింట్ మాత్రం కుదరదు, వాళ్ళే మీ ఎలక్షన్ ఏజెంట్ అయితే తప్ప. రూల్ ఒకరోజు ముందు అన్నా మీరు కొన్ని వారాల ముందే తెరవండి, ఎందుకంటే కొత్త ఖాతాకి డెబిట్ కార్డు రావాలి, ఫోన్ నంబర్ లింక్ అవ్వాలి, యూపీఐ యాక్టివేట్ అవ్వాలి, చెక్ బుక్ రావాలి, ఇవన్నీ ఎన్నికల హడావుడిలో పెట్టుకుంటే కాలూ చెయ్యీ ఆడదు. మీ సొంత డబ్బు కూడా ముందు ఇందులో వేసి, ఇందులోంచే ఖర్చు పెట్టాలి.

ఇంకో ముఖ్యమైన పని, బ్రాంచ్ మేనేజర్‌ని కలిసి ఒక లెటర్ ఇవ్వండి, ఇది ఎన్నికల ఖాతా, దీనిలోకి తెలియని వాళ్ళ నుంచి చిన్న చిన్న మొత్తాలు వందల్లో వస్తాయి అని. ఈ రోజుల్లో సైబర్ మోసాల కంప్లైంట్ల వల్ల, ఎక్కడో మోసం చేసిన డబ్బు ఒక్క ఐదొందలు మీ ఖాతాలోకి వచ్చినా ఖాతా హోల్డ్‌లో పెట్టేసే పరిస్థితి ఉంది, ప్రచారం మధ్యలో అలా జరిగితే మైకు ఆటో వాడికి ఇవ్వడానికి కూడా డబ్బులుండవు. ముందే లెటర్ ఇచ్చి, అందినట్టు స్టాంపు వేయించుకుంటే తర్వాత మాట్లాడడానికి ఒక ఆధారం ఉంటుంది.

నగదు విషయంలో గీత 10,000. ఒకరి దగ్గర నుంచి చందాగా గానీ అప్పుగా గానీ నగదు 10,000 దాటి తీసుకోకూడదు, ఒక మనిషికో షాపుకో మొత్తం ఎన్నిక కాలంలో నగదు 10,000 దాటి ఇవ్వకూడదు, దాటితే చెక్కో ట్రాన్స్‌ఫరో. అసలు నగదే వద్దనుకోండి, ఊళ్ళో పెద్దాయన ఎవరైనా ప్రేమగా చేతిలో ఐదొందలు పెడితే కాదనలేం కాబట్టి ఆయన పేరు, ఊరు రాసుకుని రసీదు ఇచ్చి అదేరోజు ఖాతాలో వెయ్యండి.

ఎవరి దగ్గర తీసుకోకూడదో కూడా తెలిసుండాలి. విదేశీ డబ్బు అభ్యర్థి తీసుకోవడం విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నేరం. మన వాళ్ళు అమెరికాలో, గల్ఫ్‌లో చాలామంది ఉంటారు, అన్నా నేనూ పంపుతా అంటారు. ఇండియా పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు, అంటే వీసా మీదో గ్రీన్ కార్డ్ మీదో ఉన్నవాళ్ళు, తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ డబ్బు కింద రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్న వాళ్ళు పంపితే వస్తుంది, భారత మూలాలున్న విదేశీ పౌరులకి ఇచ్చే ఓసీఐ కార్డ్ ఉన్నా సరే. కాబట్టి చందా పేజీలోనే రాసెయ్యండి, భారత పౌరులు మాత్రమే ఇవ్వండి అని, పక్కన ఒక టిక్ పెట్టించండి. ప్రభుత్వ ఉద్యోగుల దగ్గర కూడా తీసుకోకండి, వాళ్ళ సర్వీస్ రూల్స్ రాజకీయాల్లో పాల్గొనడాన్ని, చందాలివ్వడాన్ని ఒప్పుకోవు, మీ మీద అభిమానంతో రెండొందలు పంపిన టీచరమ్మకి మెమో వస్తే ఆ బాధ మీదే.

పన్ను సంగతి కూడా ముందే చెప్పెయ్యాలి. రిజిస్టర్డ్ పార్టీకి నగదు కాకుండా చందా ఇస్తే పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉంది గానీ ఇండిపెండెంట్ అభ్యర్థికి ఇస్తే లేదు, ఉందని పొరపాటున కూడా చెప్పకండి. మీ వైపు నుంచి చూస్తే, ఒక వ్యక్తికి ఏడాదిలో బయటివాళ్ళ నుంచి ఊరికే వచ్చిన డబ్బు 50,000 దాటితే పన్ను ప్రశ్న వస్తుంది, అందుకే మొదటి రూపాయి అడిగే ముందే ఒక సీఏని కలిసి కూర్చోండి. అతని ఫీజుకి వెనకాడకండి.

ఫాలోయర్లు కాదు, బూత్ వారీగా ఫోన్ నంబర్లు

ఇన్‌స్టాలో లక్ష మంది చూసిన రీల్ కన్నా, మీ నియోజకవర్గంలోని ఓటర్లవి ఐదు వేల ఫోన్ నంబర్లు, అవి కూడా వాళ్ళే ఇష్టపడి ఇచ్చినవి, ఎక్కువ విలువైనవి. ఒక అసెంబ్లీ నియోజకవర్గంలో ఉజ్జాయింపుగా రెండు మూడొందల బూత్‌లు ఉంటాయి. ఒక షీట్ తెరవండి, అందులో పేరు, ఫోన్, ఊరు, బూత్ నంబర్, చందా ఇచ్చారా, పని చేస్తానన్నారా, ఏ పని అని కాలమ్స్ పెట్టుకోండి, బూత్ నంబర్ లేకపోతే మాత్రం ఆ షీట్ మొత్తం వేస్ట్. ఓటర్ల జాబితా ఎన్నికల సంఘం సైట్‌లో దొరుకుతుంది కాబట్టి పేరు చూసి బూత్ వెతికి పెట్టే పని ఇద్దరు డిగ్రీ పిల్లలకి అప్పగిస్తే రోజూ సాయంత్రం కూర్చుని పూర్తి చేస్తారు. ఎవరో అమ్మే నంబర్ల డేటా కొనకండి, అలా అడగకుండా మెసేజ్ పెడితే జనం బ్లాక్ చేసి రిపోర్ట్ కొడతారు, మీ నంబర్ బ్యాన్ అయ్యి ప్రచారం మధ్యలో మూగబోతారు.

వాట్సాప్ ఎలా పని చేస్తుందో తెలుసుకుని వాడండి. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందిని పెట్టొచ్చు కానీ మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్ళకే ఆ మెసేజ్ వెళ్తుంది, ఇది తెలియక చాలామంది వేలమందికి పంపాం అనుకుంటారు, చేరేది కొందరికే. అందుకని మీటింగ్‌లో, ఇంటింటికీ తిరిగేటప్పుడు నంబర్ తీసుకోవడం ఒక్కటే సరిపోదు, ఎదురుగా ఉన్నప్పుడే అన్నా నా నంబర్ ఈ పేరుతో సేవ్ చేసుకో అని చేయించండి, అది పది సెకన్ల పని. గ్రూపులో 1,024 మంది దాకా పడతారు గానీ అంత పెద్ద గ్రూపు సంత అయిపోతుంది, గుడ్ మార్నింగ్ ఫోటోలు, అవతలి పార్టీ వాళ్ళ తిట్లు. బూత్‌కి ఒక చిన్న గ్రూపు, దానికి ఆ ఊరి మనిషే అడ్మిన్, అడ్మిన్లు మాత్రమే పోస్ట్ చేసేలా సెట్టింగ్, ఈ అడ్మిన్లందరితో మీకు ఒక గ్రూపు. చాలాసార్లు ఫార్వర్డ్ అయిన మెసేజ్‌ని వాట్సాప్ ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తుంది, కాబట్టి ఫార్వర్డ్ చెయ్యండి అని అడగడం కన్నా అడ్మిన్ ఆ ఫోటోని తన ఫోన్‌లో సేవ్ చేసుకుని, పైన తన మాటల్లో రెండు లైన్లు రాసి కొత్తగా పెడితే బాగా వెళ్తుంది, జనం చదివేది కూడా అదే.

యూట్యూబ్, ఫేస్‌బుక్, ఇన్‌స్టా అన్నీ ఒకేసారి నడపాలని చూడొద్దు, చేతనైన రెండు పట్టుకోండి. మా ప్రాంతం ఇంత వెనకబడింది, నాకు అవకాశం ఇవ్వండి అని కెమెరా ముందు నిలబడి చెప్పే వీడియోలు ఎవరూ పూర్తిగా చూడరు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీకి) వెళ్ళే రోడ్డు మీద గుంత దగ్గర నిలబడి, ఈ రోడ్డుకి ఎప్పుడు శాంక్షన్ అయ్యింది, ఎంత, బిల్లు ఎవరికి ఇచ్చారు అని ఆర్టీఐలో వచ్చిన కాగితం కెమెరాకి చూపించి నిమిషంలో చెప్పండి, ఆ ఊరి వాళ్ళందరూ షేర్ చేస్తారు, ఎందుకంటే ఆ గుంతలో వాళ్ళ బండి రోజూ పడుతోంది. మొహం తెలియని రాష్ట్ర రాజకీయాల మీద గొంతు చించుకుంటే వ్యూస్ వస్తాయి, ఓట్లు రావు. ఫ్రేమ్‌లో అక్షరాలు పెద్దగా పెట్టండి, చాలామంది సౌండ్ లేకుండా చూస్తారు.

అడిగే పద్ధతి

చందా అడగడానికి సిగ్గుపడేవాళ్ళు ఎక్కువ. మీరు అడుక్కోవడం లేదు, పని చెప్పి భాగం అడుగుతున్నారు, ఆ పని కళ్ళకి కనబడేలా చెప్పాలి. ప్రచారానికి సహకరించండి అంటే ఎవరి చెయ్యీ జేబులోకి వెళ్ళదు. ఇలా రాయండి, అంకెలు ఉదాహరణకి పెట్టాను, మీ దగ్గర రేట్లు మీరు వేసుకోండి:

"అందరికీ నమస్తే. శుక్రవారం నుంచి మూడు రోజులు మైకు ఆటో మన మండలం పల్లెలన్నీ తిరుగుతుంది, రిటర్నింగ్ ఆఫీసర్ (ఆర్వో) ఆఫీసు పర్మిషన్ వచ్చింది. ఆటో, మైకు, డ్రైవర్ బత్తా కలిపి రోజుకి 3,000, మొత్తం 9,000. తొంభై మంది వందేసి ఇస్తే ఆటో కదులుతుంది. ఇవ్వలేనివాళ్ళు మీ ఊరికి ఆటో వచ్చినప్పుడు ఒక గంట దాంతోపాటు తిరగండి, అదీ చందానే. ఇప్పటిదాకా 38 మంది ఇచ్చారు."

ఇందులో ఏం జరిగిందో చూడండి, పని ఉంది, రోజు ఉంది, ఎంతమంది కావాలో ఉంది, డబ్బుల్లేనివాడికి కూడా చెయ్యగలిగే పని ఉంది. తొంభై మంది అయ్యాక ఆపెయ్యండి, ఆటో డబ్బులు నిండాయి, అందరికీ థాంక్స్, తర్వాత కరపత్రాలకి అడుగుతాం అని పెట్టండి. ఆపడం చాలా పెద్ద విషయం. 2013 ఢిల్లీ ఎన్నికల్లో ఆమ్ ఆద్మీ పార్టీ 20 కోట్లు చాలు అని చెప్పి, ఆ లెక్క నిండగానే ఇక చందాలు పంపొద్దని ప్రకటించింది, ఆ పార్టీ మీద తర్వాత ఎవరికి ఏ అభిప్రాయం ఉన్నా ఆరోజు ఆ మాట జనంలో తెచ్చిన నమ్మకం మామూలుది కాదు.

మొత్తం చిన్నగా, గుర్తుండేలా ఉండాలి. 2023 డిసెంబర్‌లో కాంగ్రెస్ తన 138 ఏళ్ళ లెక్కన 138, 1,380, 13,800 రూపాయలు అడిగింది, ఎందుకు అంత అన్నది జనం నోళ్ళలో నానింది. మీరు బూత్ నంబర్ పెట్టొచ్చు, 112వ బూత్ వాళ్ళు 112 రూపాయలు, దీనివల్ల ఇంకో లాభం ఉంది, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో 112 అని కనబడగానే ఏ బూత్ డబ్బో అడక్కుండానే తెలిసిపోతుంది. ఏ బూత్ నుంచి ఒక్కటీ రాలేదో అక్కడ మీకు మనిషి లేడని అర్థం, రేపు పొద్దున మీరు వెళ్ళాల్సింది అక్కడికే.

రోజూ అడగొద్దు. నాలుగు పోస్టులు పని గురించి పెడితే ఒక పోస్టు చందా గురించి, అంతకన్నా ఎక్కువైతే గ్రూపులోంచి వెళ్ళిపోతారు. ఒకసారి ఇచ్చిన వాళ్ళని వెంటనే మళ్ళీ అడక్కుండా మీ ఇంటి చుట్టుపక్కల ఇద్దరిని చేర్చండి అని అడగండి. చందా ఇచ్చినవాళ్ళకి లక్కీ డ్రా, టీషర్టు, వాచీ లాంటివి మాత్రం పెట్టకండి, ఇచ్చింది ఓటరు కాబట్టి అది ఓటుకి ఇచ్చిన కానుక అని కంప్లైంట్ పడితే లంచం కిందకి లాగుతారు. కులం పేరుతో, మతం పేరుతో చందా అడగడమూ వద్దు, అలా ఓట్లు అడగడం ప్రజాప్రాతినిధ్య చట్టం 123 సెక్షన్ కింద అవినీతి చర్య, గెలిచినా ఎన్నిక రద్దయ్యే ప్రమాదం ఉంది.

ప్రతి రాత్రీ లెక్క

నా దృష్టిలో ఇది అన్నిటికన్నా ముఖ్యం. ప్రతి రాత్రి ఒకే టైముకి, తొమ్మిదింటికి అనుకుంటే తొమ్మిదింటికే, ఒక ఫోటో పెట్టండి: నిన్నటి నిల్వ, ఈరోజు ఇచ్చినవాళ్ళు ఇంతమంది, వచ్చింది ఇంత, ఖర్చులు ఇవి, మిగిలింది ఇంత. పక్కన ఆటో బిల్లు, ప్రెస్ వాడి బిల్లు ఫోటోలు. వచ్చింది సున్నా అయితే సున్నా అనే పెట్టండి. రెండు వారాలు ఇలా చేస్తే జనం వాళ్ళంతట వాళ్ళే ఎదురుచూస్తారు, అవతలి వాళ్ళని మీ లెక్క చూపించండి అని ఊళ్ళల్లో అడగడం మొదలుపెడతారు. ఏ ఖర్చుకైనా పదిమందికి చూపించగలమా అని ఆలోచించాకే డబ్బు తియ్యడం మీ టీముకి కూడా అలవాటవుతుంది.

ఇచ్చిన ప్రతి మనిషికీ ఒక్క మెసేజ్ వెళ్ళాలి, ఆటోమేటిక్ థాంక్యూ కాదు, లక్ష్మిగారూ మీ వంద అందింది, అది రేపటి కరపత్రాల్లో వాడతాం అని. సాయంత్రాలు అభ్యర్థి కొందరికైనా తనే ఫోన్ చెయ్యాలి, వంద రూపాయలు ఇచ్చినందుకు క్యాండిడేట్ ఫోన్ చేశాడు అన్న మాట ఆ వీధి మొత్తం తిరుగుతుంది.

పేర్లు బయటపెట్టే విషయంలో జాగ్రత్త. ఊళ్ళల్లో పెన్షన్ ఆపుతారని, రేషన్ కార్డులో పేరు తీసేస్తారని భయపడేవాళ్ళు ఉంటారు, ఆ భయం ఊరికే రాలేదు. కాబట్టి పోస్టుల్లో పేర్లు వెయ్యకండి, సంఖ్య చాలు. కానీ ఎన్నికల సంఘానికి ఇచ్చే లెక్కలో చందా ఇచ్చినవాళ్ళ వివరాలు రాయాల్సి ఉంటుంది, ఆ లెక్క ఎవరైనా చూడొచ్చు, ఈ సంగతి డబ్బు తీసుకోక ముందే వాళ్ళకి చెప్పాలి. దాచి తీసుకుంటే అది మోసమే. భయపడేవాళ్ళని డబ్బు అడగకుండా వేరే పని అడగండి.

మీరు ఆన్‌లైన్లో పెట్టే లెక్కా, రిటర్నింగ్ ఆఫీసర్ ఇచ్చే రిజిస్టర్‌లో రాసే లెక్కా ఒకటే అయ్యుండాలి. ఆ రిజిస్టర్‌లో మూడు భాగాలుంటాయి, రోజువారీ ఖర్చుకి తెల్ల కాగితాలు, నగదుకి గులాబీ రంగువి, బ్యాంకుకి పసుపువి. ప్రచారంలో కనీసం మూడుసార్లు దాన్ని తీసుకెళ్ళి చూపించాలి, అధికారులు మీ మీటింగుల వీడియోలు తీసి తమ దగ్గర షాడో రిజిస్టర్ రాసుకుంటారు, రెండూ పోల్చి చూస్తారు. కుర్చీలు, ఫ్లెక్సీలు, భోజనాలు, వాహనాలకి జిల్లాలో రేట్ల చార్ట్ ఉంటుంది. ఎవరైనా కారు ఊరికే ఇచ్చినా ఆ చార్ట్ ప్రకారం విలువ కట్టి రాయాలి. నామినేషన్‌కి ముందు కొన్న కరపత్రాలు తర్వాత పంచితే అవీ లెక్కలోకే. వీడియో ఎడిటర్‌కి ఇచ్చే జీతం, ఫేస్‌బుక్‌కి కట్టే యాడ్ డబ్బులు కూడా ఖర్చులోనే రాయాలని ఎన్నికల సంఘం 2013లోనే చెప్పింది. కరపత్రం మీద ప్రింటర్, పబ్లిషర్ పేరు, అడ్రస్ లేకపోతే కేసు.

డబ్బు పెట్టి యాడ్ వేస్తే

మీ పేజీలో మీరు మామూలుగా పెట్టే పోస్టుకి ముందస్తు అనుమతి అక్కర్లేదు. డబ్బు కట్టి బూస్ట్ చేస్తే అది రాజకీయ ప్రకటన, ఎన్నికల ప్రకటనల్ని పరిశీలించే ఎంసీఎంసీ కమిటీ సర్టిఫికెట్ ముందే తీసుకోవాలి, అభ్యర్థి అయితే ప్రసారానికి కనీసం మూడు రోజుల ముందు అప్లై చెయ్యాలి. బల్క్ ఎస్ఎంఎస్‌లు, వాయిస్ కాల్స్ కూడా ఇంతే. ఫేస్‌బుక్, ఇన్‌స్టా నడిపే మెటా వాళ్ళు ఐడీ తీసుకుని వెరిఫై చేశాకే రాజకీయ యాడ్ వెయ్యనిస్తారు, డబ్బు ఎవరు కట్టారో యాడ్ మీద కనబడుతుంది, యాడ్ లైబ్రరీలో ఏడేళ్ళు ఉంటుంది. ఆ వెరిఫికేషన్‌కి టైం పడుతుంది కాబట్టి నోటిఫికేషన్ రాకముందే చేసిపెట్టుకోండి. నామినేషన్ అఫిడవిట్‌లో మీ సోషల్ మీడియా ఖాతాలన్నీ రాయాలి, మర్చిపోయిన పాత పేజీలు ఉంటే ముందే తీసెయ్యండి.

అభిమానంతో ఎవరో కుర్రాడు తన జేబులోంచి రెండు వేలు పెట్టి మీ వీడియో బూస్ట్ చేస్తాడు. అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా అలా ఖర్చు పెట్టడం భారతీయ న్యాయ సంహిత 176 ప్రకారం నేరం, మీరు అనుమతిస్తే మీ ఖర్చులోకి వస్తుంది. ఆ రెండు వేలు చందాగా ఇవ్వు తమ్ముడూ, యాడ్ మనమే వేద్దాం అని గ్రూపుల్లో ముందే చెప్పండి.

నా మాట అడిగితే యాడ్స్‌కి ఎక్కువ పెట్టొద్దు, పెడితే గుర్తు వచ్చిన రోజు కోసం దాచుకోండి. ఇండిపెండెంట్‌కి గుర్తు తేలేది నామినేషన్ల ఉపసంహరణ గడువు అయ్యాకే, అక్కడి నుంచి పోలింగ్‌కి చేతిలో ఉండేది సుమారు రెండు వారాలు. పెద్ద పార్టీల గుర్తు పుట్టిన పిల్లకి కూడా తెలుసు, మీది ఎవరికీ తెలీదు. మీరు నెలల తరబడి బూత్ గ్రూపులు, అడ్మిన్లు, షీట్ అని కష్టపడింది ఈ రెండు వారాల కోసమే. గుర్తు అలాట్ అయిన గంటలో ఆ బొమ్మ, మీ పేరు, బ్యాలెట్‌లో మీ వరుస నంబర్ ఉన్న ఫోటో ప్రతి అడ్మిన్‌కీ వెళ్ళాలి, సాయంత్రానికి చందా ఇచ్చిన ప్రతి మనిషి వాట్సాప్ స్టేటస్‌లో ఉండాలి. డిజైన్ ముందే రెడీగా పెట్టుకుని గుర్తు చోటు ఖాళీగా వదలండి. కరపత్రాల డబ్బు కూడా ఈ రోజుకే నిలవ ఉంచాలి, గుర్తు లేని కరపత్రం కాగితం ఖర్చు తప్ప ఏమీ కాదు.

దొంగ క్యూఆర్‌లు, దొంగ వీడియోలు

మీరు కాస్త పేరు తెచ్చుకోగానే మీ ఫోటోతో వేరేవాడి క్యూఆర్ కోడ్ తిరుగుతుంది. స్కాన్ చెయ్యగానే ఏ పేరు కనబడాలో ప్రతి చందా పోస్టులో రాయండి, వేరే పేరు వస్తే పంపొద్దని చెప్పండి, క్యూఆర్ ఒక్కటే ఉండాలి, మార్చకూడదు. దొంగది కనబడితే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇచ్చి, ఆ నంబర్ గ్రూపుల్లో పెట్టండి. మీ గొంతుతో ఏఐ ఆడియోలు, మీరు పోటీ నుంచి తప్పుకున్నారన్న వార్తలు పోలింగ్ ముందు రాత్రి వస్తాయి, ఇది దాదాపు ఖాయం అనుకుని సిద్ధంగా ఉండండి. బూత్ అడ్మిన్లందరికీ ముందే ఒక మాట అనుకోండి, అభ్యర్థి నుంచి ఏ పెద్ద వార్తయినా ఆయన పేజీలో లైవ్‌లో వస్తేనే నిజం అని. రివర్స్‌లో మన కుర్రాళ్ళు కూడా అవతలి అభ్యర్థి మీద అలాంటివి చెయ్యకుండా చూడాలి, 2024 మేలో ఎన్నికల సంఘం పార్టీలకి చెప్పింది, అలాంటివి తమ దృష్టికి వచ్చిన మూడు గంటల్లో తీసెయ్యాలని. అవతలివాళ్ళు డబ్బు పంచుతుంటే కొట్లాటకి దిగకుండా ఎన్నికల సంఘం వాళ్ళ సీవిజిల్ యాప్‌లో వీడియో తీసి పంపండి.

పోలింగ్ ముగిసే సమయానికి 48 గంటల ముందు నుంచి ప్రచారం బంద్, యాడ్స్ అంతకు ముందే ఆగేలా డేట్ సెట్ చేసి పెట్టుకోండి, మనిషి గుర్తుపెట్టుకుని ఆపుతాడులే అనుకోవద్దు.

ఫలితం వచ్చాక

ఓడినా గెలిచినా ఫలితం వచ్చిన 30 రోజుల్లో జిల్లా ఎన్నికల అధికారికి ఖర్చుల లెక్క ఇవ్వాలి. ఓడిపోయాం కదా అని ఇవ్వకుండా వదిలేసి మూడేళ్ళు పోటీకి అనర్హులైనవాళ్ళు చాలామంది ఉన్నారు. రోజూ రాత్రి లెక్క పెట్టినవాళ్ళకి ఇది రెండు మూడు రోజుల పని. ఓటర్ల దగ్గరికి లెక్క మళ్ళీ వెళ్ళాలి, మొత్తం వచ్చింది, మొత్తం ఖర్చు, బూత్ వారీగా ఎంతమంది ఇచ్చారు, అక్కడ ఎన్ని ఓట్లు పడ్డాయి అని. 112వ బూత్‌లో నలభై మంది చందా ఇచ్చి ముప్పై ఓట్లే వస్తే అక్కడ ఏం జరిగిందో వెళ్ళి అడగండి. మిగిలిన డబ్బు ఏం చేస్తారన్నది మొదటి చందా పోస్టులోనే రాసి ఉండాలి, ఏం రాశారో అదే చెయ్యాలి, వేరేది చెయ్యాలనిపిస్తే ఇచ్చినవాళ్ళని గ్రూపులో అడిగి ఓటింగ్ పెట్టండి. గ్రూపులు డిలీట్ చెయ్యకండి, చందా అడగడం ఆపి రోడ్డు, నీళ్ళు, పీహెచ్‌సీ పోస్టులు పెడుతూ ఉండండి, సర్పంచ్, ఎంపీటీసీ, మున్సిపల్ ఎన్నికలు వస్తాయి, వాటి ఖర్చు పరిమితులు రాష్ట్ర ఎన్నికల సంఘం విడిగా ఇస్తుంది, మీ బూత్ అడ్మిన్లలో అప్పటికి వార్డుకి నిలబడగలిగేవాళ్ళు ఎవరో మీకే తెలుస్తుంది.